ఆ గొట్టం ఇంకా ఎందుకుంది?

సంపాదకులకు,

నమస్కారం. మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. జనం చీటీ లేకుండా మందుల షాపుకెళ్లి మాత్రలు కొనుక్కుని మింగుతున్నారు, అందుకే ఈ ముప్పు ముంచుకొచ్చిందని దాని సారం. అబద్ధం కాదు. ఆ జనంలో నేనూ ఒకణ్ణే, ఆ సంగతి దాచను, తర్వాత చెబుతాను. అయితే రోగి ఒంట్లో పెట్టే యూరిన్ ట్యూబులాంటి గొట్టాల మాట అంత పొడుగు వ్యాసంలో ఒక్కసారైనా రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను డాక్టరును కాను. చెన్నై నగర నీటి సరఫరాలో 1979లో ఫిట్టరుగా చేరి 2013లో రిటైరయ్యాను. మాది సూళ్లూరుపేట వైపు, నాన్న కాలంలోనే ఇక్కడికి వచ్చేశాం. అయనావరం, పురసైవాక్కం, ఓట్టేరి వీధుల్లో నేను తవ్వని గుంత తక్కువ. బ్రిటిష్ వాళ్ల కాలంలో వేసిన పోత ఇనుప గొట్టాలు కోసి తీసినవాణ్ణి. వాటి లోపల ఏముంటుందో మీ పాఠకుల్లో చాలామంది చూసి ఉండరు. తుప్పు బుడిపెలు, వాటి మీద వేలు పెడితే జారిపోయే జిగురు. గోధుమ రంగు, ఒక్కోచోట నలుపు. చేతికి అంటితే సబ్బుకు ఓ పట్టాన పోదు. మేము దాన్ని పాచి అనేవాళ్లం.

ఒక వీధి నుంచి నీళ్లు వాసన వస్తున్నాయని ఫిర్యాదు వస్తుంది. ఇంజనీరుగారు క్లోరిన్ డోసు పెంచమంటారు. కుళాయి దగ్గర నీళ్లు పట్టి, క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపులో చుక్కలు వేస్తే పసుపు రంగు బ్రహ్మాండంగా వస్తుంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉంటే చాలు, అంతకు రెండింతలు ఉందని రాసుకుని వచ్చేస్తాం. పది రోజులకు అదే వీధి, అదే ఇల్లు, అదే ఫిర్యాదు. క్లోరిన్ నీళ్లలో ఉన్నదాన్ని చంపింది. గోడకు పట్టిన పాచి పైపొరను తాకి అక్కడే ఖర్చయిపోయింది. లోపలిది లోపలే బతికి, నీళ్ల ఒత్తిడి మారినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా ఊడి నీళ్లలో కలిసింది. చివరికి ఆ గొట్టాన్ని గీకి కడగడమో, తీసి కొత్తది వేయడమో తప్ప దారి ఉండేది కాదు. 34 ఏళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే. ఈ మాత్రం చదువు నా భార్య పక్కలో వేలాడుతున్న గొట్టాన్ని చూసినప్పుడు ఎందుకు గుర్తురాలేదో, అదే నా బాధ.

ఈ ఏడు కనుమ మర్నాడు మా ఆవిడ బాత్రూములో జారి పడింది. వయసు 67. తుంటి ఎముక విరిగింది. ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. పేరు రాయను. ఆ ఆస్పత్రి మీద పగ తీర్చుకోవడం ఈ ఉత్తరం పని కాదు, పైగా ఆపరేషన్ చేసిన డాక్టరుగారి చేయి మంచిది, ఇవాళ ఆమె వాకర్ పట్టుకుని నడుస్తోందంటే ఆయన చలవే. క్యాజువాలిటీలోనే యూరిన్ ట్యూబు వేశారు. అది వేయాల్సిందే, విరిగిన తుంటితో ఆమెను లేపేదెలా? మూడో రోజు ఆపరేషన్. అయిదో రోజుకు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మంచం అంచున కూర్చోబెట్టింది. ఆరో రోజు నాలుగు అడుగులు వేయించింది. ట్యూబు మాత్రం అలాగే ఉంది.

మా ఆవిడే అడిగింది. "ఏమండీ, ఇది తీయించండి, మంటగా ఉంది" అని. నేనేమన్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. "రాత్రిపూట నువ్వు లేచి పోలేవు, నేను ఎత్తలేను, ఉండనీలే" అన్నాను. సౌకర్యం నాది. ఒకసారి రౌండ్స్‌లో డాక్టరుగారిని అడిగితే, బాగా నడవడం మొదలుపెట్టాక చూద్దామన్నారు. సిస్టర్‌ను అడిగితే డాక్టర్ చెప్పాలన్నారు. డాక్టరుగారు కట్టు చూసి వెళ్లిపోయేవారు. ఎముకల డాక్టరుకు ఎముక కనిపిస్తుంది, దుప్పటి కింద ఉన్న గొట్టం కనిపించదు. తొమ్మిదో రోజు డిశ్చార్జి. చీటీలో కట్టు మార్చే తేదీ ఉంది, కుట్లు విప్పే తేదీ ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంది. ట్యూబు ఎప్పుడు తీయాలన్నది లేదు. ట్యూబుతోనే ఇంటికొచ్చాం.

పదమూడో రోజున బ్యాగులో మూత్రం మసకబారింది. జ్వరం లేదు, వణుకు లేదు, మనిషి బాగానే ఉంది. నేను చెప్పులేసుకుని వీధి చివర మందుల షాపుకెళ్లాను. "యూరిన్ ఇన్ఫెక్షన్‌కి ఏదైనా ఇవ్వప్పా" అంటే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు. చీటీ అడగలేదు. అట్ట మీద ఎర్ర గీత ఉంది, పెట్టెకట్టి హెచ్చరికా ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం ఆ మందు చీటీ ఉంటేనే అమ్మాలి, కొన్నవారి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రోజు నాకవేవీ తెలియవు. మూడు రోజులు వేశాక మూత్రం తేటపడినట్టు అనిపించి ఆపేశాను. మీ వ్యాసం తిట్టిన తిట్లన్నీ నాకు వర్తిస్తాయి, కాదనను.

పద్దెనిమిదో రోజు సాయంత్రం మంచం ఊగిపోయేంత వణుకు. 103 జ్వరం. మాట తడబడుతోంది, నన్ను చూసి వాళ్ల అన్నయ్య అనుకుంది. మళ్లీ అదే ఆస్పత్రి, ఈసారి ఐసీయూ. అక్కడి డాక్టరమ్మ దుప్పటి తీసి చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఈ ట్యూబు ఎప్పుడు వేశారు?" అని. పద్దెనిమిది రోజుల్లో ఆ ప్రశ్న మొదటిసారి విన్నాను. పాతది వెంటనే తీసి కొత్తది పెట్టించి, దాన్నుంచి మూత్రం పట్టి, అందులోని సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపించారు. రక్తం కూడా.

రెండు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది. క్లెబ్సియెల్లా అనే సూక్ష్మజీవి. దాని కింద మందుల పేర్లు, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. పెద్ద మందుల్లో పెద్దదనే మెరోపెనెమ్ ఎదురుగానూ ఆర్ ఉంది. ఎస్ ఉన్నవి రెండే. ఒకటి కొలిస్టిన్. తిరుపతిలో ఒక ల్యాబులో మైక్రోబయాలజీ టెక్నీషియనుగా పనిచేసే మా మేనకోడలికి ఆ కాగితం ఫొటో పంపించాను. కాసేపటికి ఫోన్ చేసి, "మామయ్యా, ఇది మా తాతల నాటి మందు, కిడ్నీలకు దెబ్బని డాక్టర్లు ఎప్పుడో పక్కన పెట్టేశారు, ఇంకేదీ పనిచేయక మళ్లీ బయటికి తీశారు" అంది. అనుకున్నట్టే అయింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9 ఉండేది 1.9కి వెళ్లింది. ఆరు రోజులు ఐసీయూ, మొత్తం పద్నాలుగు రోజులు. ఎముక ఆపరేషన్‌కు అయినదానికి దాదాపు రెట్టింపు అయింది ఈ రెండో బిల్లు. గొట్టం ఖరీదు ఎంతుంటుందో మీరే కనుక్కోండి.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఫోన్లో మా మేనకోడలు చెప్పింది వింటుంటే నాకు అయనావరం గుంతలు కళ్ల ముందు తిరిగాయి. ట్యూబు లోపలికి వెళ్లిన కొన్ని గంటలకే మన ఒంట్లోని మాంసకృత్తులు దాని మీద పలచగా పూతపూస్తాయట. అది పునాది. చర్మం మీద, పేగులో ఉండే సూక్ష్మజీవులు ట్యూబు వెలుపలి గోడ పట్టుకుని పైకి పాకుతాయి, లేదా బ్యాగు వైపు నుంచి లోపలి గోడ వెంట వస్తాయి. అంటుకున్నవి పిల్లల్ని పెట్టి, తమ చుట్టూ చక్కెరలతో, మాంసకృత్తులతో జిగురు కట్టుకుంటాయి. ఆ జిగురులో నీళ్లు పారడానికి సందులు, ఆహారం అందడానికి దారులు కూడా ఉంటాయట. ఎన్ని జమ అయ్యాయో ఒకదానికొకటి రసాయనాలతో కబురు చెప్పుకుంటాయి. అడుగున ఉన్నవి నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. మన మందులు ఎక్కువగా చురుగ్గా పెరిగేవాటినే పట్టుకుంటాయి, పడుకున్నదాన్ని ఏం చేయలేవు. అందుకే విడిగా తిరుగుతున్నప్పటి కంటే ఈ పాచిలో ఉన్నప్పుడు అదే సూక్ష్మజీవిని చంపడానికి 1000 రెట్ల దాకా మందు కావాల్సి రావచ్చు. అంత మందు మనిషి తట్టుకోలేడు. మందు ఆపగానే నిద్రలేస్తాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

మందుకు లొంగకపోవడంలో రెండు రకాలు కలిసి ఉన్నాయని నాకు అర్థమైంది. ఒకటి దాని జన్యువుల్లోనే ఉన్న మొండితనం, రిపోర్టులో ఆర్ అని వచ్చేది. రెండోది పాచిలో దాక్కోవడం వల్ల వచ్చేది, రిపోర్టులో కనపడదు. ల్యాబులో పరీక్షించేది విడిగా పెంచిన జీవినే కదా. అంటే ఎస్ అని వచ్చిన మందు కూడా ట్యూబు అలాగే ఉంటే ఓడిపోవచ్చు. పైగా ఒకదాని పక్కన ఒకటి అంత దగ్గరగా ఉండటంతో, మొండితనపు జన్యువుల్ని ఒకటి ఇంకొకదానికి చేబదులిచ్చినట్టు ఇచ్చుకోవడం అక్కడ మహా తేలిక. మూడు రోజుల సెఫిక్సిమ్‌తో నేను చేసిందేమిటంటే, మెత్తగా ఉన్నవాటిని ఏరేసి మొండివాటికి స్థలం ఖాళీ చేయించాను. జ్వరం లేకుండా మూత్రం మసకబారినంత మాత్రాన మందు అక్కర్లేదట. ట్యూబు ఉన్నవాళ్లందరి మూత్రంలోనూ ఎప్పటికో అప్పటికి సూక్ష్మజీవులు చేరతాయి, రోజుకు నూటికి 3 నుంచి 7 మంది చొప్పున. నెల దాటితే సూక్ష్మజీవులు చేరనివాళ్లు దాదాపు ఉండరు.

ప్రోటియస్ అని ఇంకొకటి ఉందట. అది యూరియాను విడగొట్టి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఉప్పులు గడ్డకట్టి ట్యూబు లోపల గార పట్టి పూడుకుపోతుంది. బోరు నీళ్ల గొట్టాల్లో గారపట్టి పూడిపోవడం నేను వందసార్లు చూశాను. మనిషి ఒంట్లో పెట్టిన గొట్టానికీ అదే జబ్బని తెలియడానికి నాకు డెబ్బై ఏళ్లు పట్టింది.

ఒక చిన్న మనవి. మీ వ్యాసంలో ఈ జిగురు పొరను "జీవపటలం" అని రాశారు. చదివినవాడికి ఏమర్థమవుతుంది? మనకు పాచి అన్న మాట ఉంది. బావి మెట్లకు పట్టేది పాచి, పొద్దున్నే పళ్లకు ఉండేది పాచి. పళ్ల పాచి నిజంగా ఇదే జాతిది. 1680ల్లో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే ఆయన తన పళ్ల మీది పాచి గీకి భూతద్దం కింద చూశాడు. వెనిగర్‌తో నోరు కడుక్కుంటే పైపైన ఉన్న ప్రాణులే చచ్చాయి, లోపలివి చావలేదని అప్పుడే రాసిపెట్టాడు. మూడున్నర శతాబ్దాల క్రితం తెలిసిన సంగతి. పళ్ల పాచిని పుక్కిలించి పోగొట్టలేం, తోముకోవాలి. మా నాయనమ్మ వేపపుల్లతో చేసిందీ అదే.

చెన్నైకి ఈ విషయంలో పాత సంబంధం ఉంది. 2010 ఆగస్టులో, సూక్ష్మజీవుల్ని పెద్ద మందులకూ లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 అనే జన్యువు మీద గోల జరిగింది గుర్తుందా? దానికి న్యూఢిల్లీ పేరు ఎందుకు పెట్టారని పార్లమెంటు దాకా వెళ్లింది. ఆ పరిశోధన చేసినవాళ్లలో ముందు పేరు మన మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారసామిది. చెన్నైలో 44, హర్యానాలో 26 నమూనాల్లో ఆ జన్యువు దొరికింది. మర్నాటి ఏడు ఢిల్లీ కుళాయిల నుంచి పట్టిన 50 నీటి నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన మురుగు నీటి నమూనాలు 171లో 51 ఆ జన్యువుతో ఉన్నాయని ఇంకో పరిశోధన వచ్చింది. మా డిపోలో ఆ పేపరు పట్టుకుని మేము నవ్వుకున్నాం. మన నీళ్లలో క్లోరిన్ ఉంది కదా అని. 2012 ఆగస్టులో ఈ ఊళ్లోనే డాక్టర్ల సంఘాలు కూర్చుని, యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం ఆపాలని చెన్నై డిక్లరేషన్ అనే తీర్మానం తెచ్చాయి. ఆ తర్వాతే హెచ్1 వచ్చింది. చీటీ, షాపు, రిజిస్టరు. అంతా మందు చుట్టూనే. జనం నోటికి వచ్చింది కూడా మందే. గొట్టం గురించి డాక్టర్ల పుస్తకాల్లో ఉంది, 2020లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆస్పత్రుల కోసం వేసిన మార్గదర్శకాల్లోనూ ఉంది. పుస్తకంలో ఉన్నది మంచం దాకా రాలేదు, అదీ నా గోడు.

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జనరల్ ఆస్పత్రి పక్కన మద్రాసు వైద్య కళాశాల ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా భీమవరంలో పుట్టి ఆ కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి అందింది. మన తెలుగువాడి చేతి మీదుగా వచ్చిన మందుల కుటుంబం అది. ఇలాంటి మందుల్ని గొట్టానికి పట్టిన పాచి మీద పోసి పారేస్తున్నాం.

ఇంకో సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం. వార్డులో నర్సుల బల్ల పక్కన చేతులు కడుక్కునే సింకు ఒకటి ఉంది. రోజుల తరబడి దాని ఎదుటే కూర్చున్నాను కాబట్టి చూడక తప్పలేదు. మిగిలిన కాఫీ అందులోనే, జ్యూసు అందులోనే, సీసాలో మిగిలిన సెలైన్ అందులోనే. ఒకరోజు తెల్లవారుజామున ఒక అటెండరు యూరిన్ బ్యాగు కూడా అందులో ఖాళీ చేశాడు. బాత్రూము అటు చివర ఉంది, దూరమని. సింకు కింద నీళ్లు నిలిచి ఉండే బాటిల్ ట్రాప్ విప్పిన ప్రతి ఫిట్టరుకూ తెలుసు అందులో ఏముంటుందో. ఎప్పుడూ తడి, ఎప్పుడూ చీకటి, పై నుంచి తిండి. దానికి తోడు ఆ కుళాయి ధార సరిగ్గా కన్నం మీద పడేట్టు బిగించారు. నీళ్లు తిప్పితే తుంపర్లు చుట్టూ రెండు అడుగులు ఎగిరేవి, పక్కనే ఇంజెక్షన్ల ట్రే. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు సింకుల నమూనాలు కట్టి చూశారట. ట్రాప్‌లో ఉన్న సూక్ష్మజీవుల పాచి, పై నుంచి పోషకం పడితే, రోజుకు ఒక అంగుళం చొప్పున గొట్టం గోడ వెంట పైకి పాకి జల్లెడ దాకా వచ్చింది. అక్కడికి వచ్చాక ధార తగిలితే చెదిరి బయటపడింది. కుళాయిని మూడంగుళాలు పక్కకు జరిపితే ధార కన్నం మీద పడదు. అరగంట పని. నేనే చేసిపెడతానని మెయింటెనెన్స్ కుర్రాడితో అన్నాను. పై నుంచి ఆర్డర్ రావాలి సార్ అన్నాడు. మా డిపోలో మేమూ అదే అనేవాళ్లం, కాబట్టి ఏమీ అనలేకపోయాను.

తప్పెవరిదంటే తిలాపాపం తలా పిడికెడు. నేను బ్యాగును మంచం మీదికి ఎత్తి పెట్టేవాణ్ణి, కింద కాలికి తగులుతోందని. మూత్రం మళ్లీ లోపలికి వెనక్కి పోతుందన్న ఆలోచనే లేదు. నీళ్లు పల్లానికి పోతాయని జీతం తీసుకున్నవాణ్ణి! రాత్రి డ్యూటీలో ఉండే, కావలి ఊరి సిస్టర్ ఒకమ్మాయి చూసి, "అంకుల్, బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, మధ్యలో జాయింటు విప్పకండి" అని తెలుగులో చెప్పింది. ఆ అమ్మాయికి ఆ రాత్రి పద్నాలుగు మంచాలు. లెక్కపెట్టాను. ప్రతి మంచం దగ్గరా ముట్టుకునే ముందూ తర్వాతా చేతులకు మందు రాసుకోవాలి, ఒక్కోసారికి 20 నుంచి 30 సెకన్లు. పద్నాలుగు మంచాలకు, రాత్రంతా, ఎన్నిసార్లో మీరే గుణించుకోండి. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అలాంటప్పుడు పని తగ్గించే ఉపాయం గొట్టాల సంఖ్య తగ్గించడమే అని నా బుద్ధికి తోచింది. లేని గొట్టానికి పాచి పట్టదు. ఇది ఫిట్టరు తెలివి అనుకోకండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల్లో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు చేసి చూపించిన పని 2006లో అచ్చయింది. అది రక్తనాళంలో పెట్టే గొట్టాల గురించి. అయిదే పనులు: చేతులు కడుక్కో, నిండా గుడ్డ కప్పి శుభ్రంగా పెట్టు, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడువు, తొడ దగ్గర పెట్టకు, అవసరం తీరగానే తీసేయ్. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. 1000 గొట్టపు రోజులకు (ఒకరి ఒంట్లో ఒక గొట్టం ఒక రోజు ఉంటే అది ఒక గొట్టపు రోజు) మధ్యరకం ఐసీయూలో 2.7 ఇన్ఫెక్షన్లు ఉండేవి మూడు నెలల్లో సున్నాకు వచ్చాయి. ఆ అయిదోదే నేను అడుగుతున్నది.

ట్యూబు వేసిన రోజే తేదీ, వేళ బ్యాగు మీద చెరిగిపోని పెన్నుతో రాయాలి. మంచం చివర చార్టులో రోజూ పొద్దున్నే ఒక గడి ఉండాలి: ఇవాళ ఎన్నో రోజు, ఇవాళ కూడా కావాలా, ఎందుకు. కారణం రాయలేకపోతే డాక్టరు కోసం ఆగకుండా తీసేసే అధికారం సిస్టర్‌కు ఉండాలి. డిశ్చార్జి చీటీలో కుట్ల తేదీ పక్కనే ట్యూబు తేదీ ఉండాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఏసీ రూము ఎంత, డీలక్స్ ఎంత అని గాజు బోర్డు వేలాడుతోంది. అక్కడే ఇంకొక వరుస రాస్తే ఏం పోయింది, పోయిన నెల మా దగ్గర వెయ్యి ట్యూబు రోజులకు ఇన్ని ఇన్ఫెక్షన్లు అని? ఆ లెక్క కట్టే పద్ధతి వాళ్లకు తెలుసు. మా నీటి సరఫరాలో ఏ వీధిలో ఎన్ని నమూనాలు చెడ్డాయో ప్రతివారం రిజిస్టరులో రాసేవాళ్లం. సిగ్గుగా ఉన్న వారాల్లోనూ రాసేవాళ్లం.

పాచి పట్టని ట్యూబులు, వెండి పూత పూసినవి, మందు పూసినవి అమ్ముతారని ఈ మధ్య ఒక కంపెనీ కుర్రాడు ఎదురింటాయనకు చెబుతుంటే విన్నాను. ఉండొచ్చు. నాకు నమ్మకం తక్కువ. లోపల పూత పూసిన గొట్టాలు కూడా వేశాం మేము, కొంతకాలం బాగుండేవి, ఆ తర్వాత పూత మీదే పాచి పట్టేది.

పోయిన బుధవారం పెరంబూరులో మా పాత సహోద్యోగి ఒకాయన ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్లాను. హెర్నియా ఆపరేషన్. మంచం పక్కన బ్యాగు వేలాడుతోంది. ఎన్ని రోజులైంది అన్నాను. ఆయనకు తెలియదు, కొడుక్కి తెలియదు. బ్యాగు తిప్పి చూస్తే తేదీ లేదు. వరండాలో ఉన్న సిస్టర్‌ను పిలిచి, "అమ్మా, ఈయన పొద్దున నడిచి క్యాంటీన్ దాకా వెళ్లొచ్చాడట, మరి ఇది ఇంకా ఎందుకుంది?" అన్నాను. ఆ పిల్ల చార్టు తిరగేసింది, నాలుగు రోజులు అంది, డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. నేను బస్సెక్కకముందే కొడుకు ఫోన్ చేశాడు, తీసేశారని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టరు
విల్లివాక్కం, చెన్నై

(నా పేరు, చిరునామా మీకు విడిగా రాశాను. మా ఆవిడకు ఇష్టం లేదు, అచ్చు వేయవద్దని మనవి.)